సొసైటీ ఎన్నిక వాయిదా పడితే



ఈ పూట మనం సహకార సంఘాల ఎన్నికల గురించి మాట్లాడుకుందాం. ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అన్న సంగతి పక్కన పెడదాం. జరగాల్సిన రోజున జరగని ఎన్నికల గురించి చెప్పుకుందాం. ఆ వాయిదాల మీద కోర్టుల్లో నడిచిన కేసులేమిటి, వాటిలో మనలాంటి మామూలు సభ్యులకు పనికొచ్చేదేమిటి, అది చూద్దాం.

మీలో చాలామంది ఏదో ఒక సొసైటీలో సభ్యులే. పల్లెలో అయితే సింగిల్ విండో. పంట రుణం అక్కడే. యూరియా బస్తా అక్కడే. చాలా ఊళ్లలో వడ్లకు కాంటా పెట్టేదీ వాళ్లే. పట్నంలో అయితే ఇళ్ల స్థలాల సొసైటీ, ఉద్యోగుల పరపతి సంఘం, అర్బన్ బ్యాంకు. పాలు పోసేవాళ్లకు పాల సంఘం, నేతన్నలకు చేనేత సంఘం, గంగపుత్రులకు మత్స్య సంఘం. పేరు ఏదైనా సూత్రం ఒక్కటే. వాటాధనం కట్టిన మనిషికి ఒక ఓటు. పదెకరాల ఆసామికీ ఒక ఓటే, ఎకరం రైతుకూ ఒక ఓటే.

ఒక ఊరు అనుకుందాం. ఆ ఊరి సొసైటీ పాలకవర్గానికి ఐదేళ్లు నిండబోతున్నాయి. ఒక రైతు డైరెక్టరుగా నిలబడదామనుకున్నాడు. ఇంట్లో చెప్పాడు, వాడవాళ్లతో మాట్లాడాడు, బకాయి ఏదైనా ఉంటే నామినేషన్ చెల్లదని అప్పు తీర్చేశాడు. ఒక పొద్దున సొసైటీ ఆఫీసుకు వెళితే గోడమీద కాగితం అంటించి ఉంది. ఎన్నికలు వాయిదా పడ్డాయి, తదుపరి ఉత్తర్వులు వచ్చేదాకా ఇప్పుడున్నవారే ఇన్‌చార్జులుగా కొనసాగుతారు అని దాని సారాంశం. రైతు లోపలికి వెళ్లి సెక్రటరీని అడిగాడు. వాయిదా వేసింది ఎవరు? ఎందుకు వేశారు? ఎప్పటిదాకా?

నా ప్రసంగమంతా ఈ మూడు ప్రశ్నలే. ఎవరు? ఎందుకు? ఎప్పటిదాకా? దయచేసి గుర్తుపెట్టుకోండి. మళ్లీ మళ్లీ వీటి దగ్గరికే వస్తాను. సహకార ఎన్నికల వాయిదా మీద ఏ కోర్టులో ఏ కేసు నడిచినా, చివరికి న్యాయమూర్తి తూచేవి ఈ మూడే.

ముందు ఒక మాట. ఎన్నిక వాయిదా పడితే ఏం పోయింది, నాలుగు నెలలు ఆలస్యమే కదా అని కొందరు అంటారు. కానీ ఆ నాలుగు నెలలూ కుర్చీ ఖాళీగా ఉండదు కదా. ఎవరో ఒకరు కూర్చుంటారు. రుణాల కాగితాల మీద సంతకాలు పెడతారు. ఎరువు ఎవరికి ముందు, ఎవరికి వెనక అనేది చూస్తారు. గోదాముకు టెండరు పిలుస్తారు. మీరు ఓటేసిన గడువు మాత్రం అయిపోయింది. పొలాన్ని ఐదేళ్లకు కౌలుకిచ్చారనుకోండి. గడువు తీరాక కౌలుదారు వచ్చి, కొత్త కాగితం రాయకుండానే ఇంకో పంట వేసుకుంటానంటే మీరేమంటారు? మంచి రైతే కావచ్చు, పొలాన్ని బాగానే చూసుకుని ఉండవచ్చు. అయినా పొలం ఎవరిది, మాట ఎవరు చెప్పాలి అన్న ప్రశ్న వస్తుంది. సొసైటీ సభ్యులది. మాట సభ్యులు చెప్పాలి.

ఇంకో సంగతి. మన తెలుగు రాష్ట్రాల్లో సింగిల్ విండో సొసైటీకి 13 మంది డైరెక్టర్లు. సభ్యులు వాళ్లను ఎన్నుకుంటారు. వాళ్లలోంచి చైర్మన్ వస్తాడు. ఆ చైర్మన్లు కలిసి జిల్లా సహకార కేంద్ర బ్యాంకు పాలకవర్గాన్ని ఎన్నుకుంటారు. జిల్లా బ్యాంకుల మీద రాష్ట్ర సహకార బ్యాంకు. అంటే ఊళ్లో ఎన్నిక ఆగిందంటే జిల్లాలో ఆగినట్టే, రాష్ట్రంలో ఆగినట్టే. కింద మెట్టు లేకుండా పై మెట్టు ఎక్కడం కుదరదు.

ఇది మనకు ఊహ కాదు, అనుభవం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013 మొదట్లో సింగిల్ విండో ఎన్నికలు జరిగాయి. ఐదేళ్ల గడువు 2018లో ముగిసింది. తెలంగాణలో మళ్లీ ఎన్నిక జరిగింది 2020 ఫిబ్రవరి 15న. నడుమ రెండేళ్లు ఇన్‌చార్జుల పాలనే. 2020లో గెలిచినవారి ఐదేళ్లు 2025 ఫిబ్రవరిలో నిండాయి. అప్పుడూ ఎన్నిక రాలేదు. ఉన్న పాలకవర్గాలనే ఆరు నెలలు ఇన్‌చార్జులుగా ఉండమని ఉత్తర్వు వచ్చింది. ఆంధ్రప్రదేశ్ కథ ఇంకా పొడుగు. 2018లో గడువు తీరాక ఏళ్ల తరబడి పర్సన్ ఇన్‌చార్జులు, త్రిసభ్య కమిటీలే నడిపాయి. ప్రభుత్వాలు మారాయి. కమిటీల్లో పేర్లు మారాయి. పేరు రాసింది ప్రభుత్వమే, సభ్యుడు కాదు. నేను ఏ పార్టీ గురించీ మాట్లాడటం లేదు. అధికారంలో ఎవరున్నా ఈ అలవాటు మారలేదనే నా బాధ.

మరి చట్టం దీనికి ఒప్పుకుంటుందా? కొంతవరకు ఒప్పుకుంటుంది. మన రెండు రాష్ట్రాల సొసైటీలకు మూలం 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సహకార సంఘాల చట్టం. తెలంగాణ కూడా దాన్నే తీసుకుంది. అందులో 32వ సెక్షన్ ఉంది. గడువు తీరి, ఎన్నిక జరగక, పాలకవర్గం లేకుండా పోతే సొసైటీ తాళం పడకూడదు కాబట్టి, పనులు నడపడానికి పర్సన్ ఇన్‌చార్జిని వేయవచ్చునని ఆ సెక్షన్ అంటుంది. ఉద్దేశం మంచిదే. విత్తనాల వేళ సంతకం పెట్టే మనిషి లేకపోతే రైతు నష్టపోతాడు. ఆపద వేళ ఆసరా కోసం ఆ సెక్షన్ పెట్టారు. ఆసరా కోసం పెట్టిన ఏర్పాటే ఏళ్లకేళ్లు పాలనగా మారినప్పుడు తగాదా మొదలవుతుంది. సభ్యులు హైకోర్టు గడప ఎక్కేది అప్పుడే.

ఇక్కడ రాజ్యాంగం కూడా ఒకసారి మన మధ్యకు వచ్చింది. ఆ కథ చెప్పాలి. 2012 ఫిబ్రవరి 15న 97వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. సహకార సంఘం పెట్టుకోవడం పౌరుల ప్రాథమిక హక్కుల్లో చేరింది. దాంతోపాటు ఒక కొత్త భాగం రాశారు. పాలకవర్గానికి ఐదేళ్లే గడువు. ఆ గడువు తీరకముందే ఎన్నిక జరగాలి. పాతవారు దిగిన వెంటనే కొత్తవారు ఎక్కాలి. పాలకవర్గాన్ని రద్దు చేస్తే ఆరు నెలలకు మించి అలా ఉంచకూడదు. సహకార బ్యాంకులకు మాత్రం ఏడాది. వినడానికి ఎంత బాగుంది! ఎవరు, ఎందుకు, ఎప్పటిదాకా అన్న మూడు ప్రశ్నలకూ రాజ్యాంగమే జవాబు చెప్పినట్టయింది.

కానీ ఒక చిక్కు వచ్చింది. సహకార సంఘాలు రాష్ట్రాల జాబితాలోని అంశం. రాష్ట్రాల అధికారాన్ని కుదించే సవరణ చేస్తే, దేశంలో కనీసం సగం రాష్ట్రాల శాసనసభలు దానికి ఆమోదం తెలపాలి. ఈ సవరణకు ఆ ఆమోదం తీసుకోలేదు. గుజరాత్ హైకోర్టు 2013లో ఈ లోపం పట్టుకుంది. విషయం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2021 జూలై 20న తీర్పు వచ్చింది. రాష్ట్రాల్లోని సహకార సంఘాల వరకు ఆ కొత్త భాగం చెల్లదని తేలింది. ఒకటికి మించిన రాష్ట్రాల్లో పనిచేసే సంఘాలకు మాత్రం అది నిలుస్తుందని ఇద్దరు న్యాయమూర్తులు, జస్టిస్ నారిమన్, జస్టిస్ గవాయ్ అన్నారు. మూడో న్యాయమూర్తి జస్టిస్ జోసెఫ్ దానితో ఏకీభవించలేదు. ఆ భాగం మొత్తం పోవాలన్నారు. మెజారిటీ మాటే నిలిచింది.

శ్రోతలారా, ఇక్కడ జాగ్రత్తగా వినండి. ఆ తీర్పు ఎన్నికలు వాయిదా వేసుకోండి అని చెప్పలేదు. ఐదేళ్ల గడువు తప్పు అని చెప్పలేదు. రాష్ట్రాల ఆమోదం లేకుండా చేశారు కాబట్టి చెల్లదన్నది, అంతే. సహకార సంఘం పెట్టుకునే ప్రాథమిక హక్కు అలాగే ఉంది. సంఘాలు ప్రజాస్వామ్యబద్ధంగా నడిచేలా రాజ్యం కృషి చేయాలన్న ఆదేశ సూత్రం కూడా అలాగే ఉంది. మారిందల్లా ఒకటే. మన ఊరి సొసైటీ ఎన్నిక తేదీకి కాపలా ఇప్పుడు మన రాష్ట్ర చట్టమే. అందుకే ఆ చట్టంలో ఏముందో సభ్యుడు తెలుసుకోవాలి.

2014లో రాష్ట్రం విడిపోయాక కొన్ని సంఘాల కార్యక్షేత్రం రెండు రాష్ట్రాల్లోనూ పడింది. అలాంటివి కేంద్ర చట్టం కింద బహుళ రాష్ట్ర సంఘాలవుతాయి. వాటి ఎన్నికల కోసం 2023లో కేంద్ర చట్టాన్ని సవరించి ఒక ప్రత్యేక ఎన్నికల ప్రాధికార సంస్థను ఏర్పాటు చేశారు. మీ సంఘం ఏ చట్టం కింద రిజిస్టరయిందో ముందు చూసుకోండి. ఏ తలుపు తట్టాలో దాన్నిబట్టే తెలుస్తుంది.

ఇప్పుడు వాయిదా ఉత్తర్వుల దగ్గరికి వద్దాం. పక్కనున్న మహారాష్ట్రను చూద్దాం. అక్కడ సహకారం అంటే చక్కెర కర్మాగారాలు, జిల్లా బ్యాంకులు, పాల సంఘాలు. రాజకీయమంతా వాటి చుట్టూనే. వారి చట్టంలో వాయిదాకు ఒక ప్రత్యేక సెక్షన్ ఉంది. కరువు, వరద, అగ్నిప్రమాదం, వర్షాకాలం, అదే సమయంలో వచ్చిన శాసనసభ, లోక్‌సభ, స్థానిక ఎన్నికలు. ఇలా కారణాలు రాసి ఉన్నాయి. ఉత్తర్వులో కారణం చెప్పాలి. ఒకసారికి ఆరు నెలలు మించకూడదు.

మరి ఆచరణలో ఏమైంది? 2020 జనవరిలో అక్కడి ప్రభుత్వం సొసైటీ ఎన్నికలను మూడు నెలలు వాయిదా వేసింది. కారణం, సిబ్బంది అంతా రైతు రుణమాఫీ పనిలో ఉన్నారని. ఆ మూడు నెలలు తీరకముందే కరోనా వచ్చింది. మళ్లీ వాయిదా. ఆపైన మళ్లీ పొడిగింపు. కరోనా అబద్ధం కాదు. ఆ రోజుల్లో జనాన్ని పోలింగ్ వరుసలో నిలబెట్టమని ఎవరూ అడగరు. అయితే ఆలోచించండి. రుణమాఫీ, మహమ్మారి, ఈ రెండూ ఒకే బరువున్న కారణాలా? వరదలో ఊరు మునిగితే ఎన్నిక జరపడం అసాధ్యం. సిబ్బందికి తీరిక లేకపోతే ఎన్నిక జరపడం కష్టం. అసాధ్యం వేరు, కష్టం వేరు. వాయిదా మీద వేసే కేసుల్లో ముఖ్యమైన వాదన ఇక్కడే నడుస్తుంది.

కాబట్టి మొదటి ప్రశ్న, ఎవరు? వాయిదా వేసే అధికారం చట్టం ఎవరికిచ్చింది? ప్రభుత్వానికా, సహకార సంఘాల రిజిస్ట్రారుకా, సహకార ఎన్నికల ప్రాధికార సంస్థకా? అధికారం లేని చేయి సంతకం పెడితే ఆ కాగితం నిలవదు.

రెండో ప్రశ్న, ఎందుకు? ఉత్తర్వులో కారణం రాశారా? అది చట్టం ఒప్పుకునే కారణమేనా? ఈ విషయంలో మనకు ఒక పాత తీర్పు గొప్ప బలం. 1977 లోక్‌సభ ఎన్నికల్లో పంజాబ్‌లోని ఫిరోజ్‌పూర్‌లో లెక్కింపు వేళ గొడవై కొన్ని బ్యాలెట్లు పాడయ్యాయి. ఎన్నికల సంఘం నియోజకవర్గం మొత్తానికి మళ్లీ పోలింగ్ అంది. మొహిందర్ సింగ్ గిల్ అనే అభ్యర్థి సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఒక నియమం స్పష్టం చేశారు. అధికారి ఇచ్చిన ఉత్తర్వు మంచిచెడ్డలను ఆ ఉత్తర్వులో రాసిన కారణాలతోనే తూచాలి. కేసు పడ్డాక కౌంటర్ అఫిడవిట్‌లో కొత్త కారణాలు తెచ్చి అతికించకూడదు. సొసైటీ ఎన్నికలకు ఇది ఎంత బాగా సరిపోతుందో చూడండి. గోడమీద అంటించిన కాగితంలో పరిపాలనా కారణాలు అని మాత్రమే రాసి, కోర్టులో వరదలొచ్చాయంటే కుదరదు. అందుకే ఉత్తర్వు నకలు తీసుకోండి. జీవో నంబరు, తేదీ, కారణం, సంతకం. కాగితం చేతిలో లేకుండా కోర్టుకు వెళ్లకండి.

మూడో ప్రశ్న, ఎప్పటిదాకా? తదుపరి ఉత్తర్వుల వరకు అంటే ఎప్పటిదాకా? తేదీ లేని వాయిదాను ఎవరూ నమ్మవద్దు. ఎవరు, ఎందుకు అన్న రెండు ప్రశ్నలకూ సరైన జవాబు ఉన్నా, తేదీ లేకపోతే అడగండి. కోర్టును కూడా తేదీ కోసమే అడగండి.

ఇప్పుడు చాలామంది సభ్యులు దెబ్బతినే చోటికి వస్తున్నాను. కోర్టుకు వెళ్లే వేళ.

ఎన్నిక విషయంలో కోర్టులకు ఒక పాత పట్టుదల ఉంది. 1952లో మన దేశపు మొదటి సార్వత్రిక ఎన్నికల రోజులు. అప్పటి మద్రాసు రాష్ట్రంలో నామక్కల్ నియోజకవర్గంలో పొన్నుస్వామి అనే ఆయన నామినేషన్‌ను తిరస్కరించారు. ఆయన కోర్టుకెక్కారు. సుప్రీంకోర్టు ఏమందంటే, ఎన్నిక ప్రక్రియ మొదలయ్యాక మధ్యలో ఆపడం తగదు, ఎన్నిక ముగియనివ్వండి, ఆపైన ఎన్నికల పిటిషన్ వేసుకోండి. ఆ నియమం శాసనసభకు సంబంధించినది. కానీ దాని నీడ సహకార సంఘాల మీదా పడింది. 2001లో మహారాష్ట్రకు చెందిన ఒక పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం కేసులో సుప్రీంకోర్టు దాదాపు ఇదే చెప్పింది. ఓటర్ల జాబితా తయారీ కూడా ఎన్నిక ప్రక్రియలో భాగమే, అందులో తప్పుందని ఎన్నికను మధ్యలో ఆపించుకోవడం సరికాదు, ఎన్నిక అయ్యాక చట్టం చూపిన వేదిక ముందు పోరాడాలి అని.

అలాగని ఎన్నికల మీద కోర్టు నోరు మెదపదనుకోవద్దు. 2000లో ఎన్నికల సంఘానికి, అశోక్ కుమార్‌కు నడుమ నడిచిన కేసులో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. ఎన్నికను అడ్డుకునే కేసు వేరు. ఎన్నిక సాఫీగా ముగిసేలా సాయపడే కేసు వేరు. మొదటిదానికి కోర్టు వెనకాడుతుంది. రెండోదానికి చేయి అందించవచ్చు.

ఇది నేను ఈ రోజు మీకు చెప్పదలచుకున్న అసలు సంగతి. మరోసారి చెబుతాను. ఎన్నికను ఆపమని అడిగే కేసు వేరు. ఎన్నిక జరిపించమని అడిగే కేసు వేరు. నోటిఫికేషన్ వచ్చాక ఆపమంటే కోర్టు ఒప్పుకోవడం కష్టం. గడువు తీరబోతోంది, ఎన్నిక జరిపించండి అని ముందే అడిగితే, చట్టం మీ పక్షాన ఉంటుంది. కానీ మనం చేసేది తలకిందులు. గడువు తీరేదాకా నిద్రపోతాం. ఇన్‌చార్జి వచ్చాక రెండేళ్లు ఊరుకుంటాం. నోటిఫికేషన్ వచ్చాక మాత్రం జాబితాలో నా పేరు లేదని, వార్డు హద్దులు తప్పని పరుగెత్తుతాం. అప్పటికి ఆలస్యమై ఉంటుంది.

ఈ ఆలస్యాన్ని వాడుకునేవాళ్లూ ఉంటారు. ఎలాగో చెబుతాను. గడువు తీరబోయే పాలకవర్గం ఓటర్ల జాబితాను సకాలంలో తయారు చేయదు. చేసినా చనిపోయినవారి పేర్లు అలాగే ఉంచుతుంది. అప్పుడు పాలకవర్గానికి అనుకూలుడైన ఒక సభ్యుడు కోర్టుకు వెళ్తాడు. జాబితా తప్పు, ఎన్నిక ఆపండి అంటాడు. ఎదుటి పక్షం గట్టిగా వాదించదు. మధ్యంతర ఉత్తర్వు వస్తుంది. కేసు ఏళ్లు నడుస్తుంది. కుర్చీ కుర్చీలాగే ఉంటుంది. జాబితాను చెడగొట్టింది ఎవరు? దానివల్ల లాభపడింది ఎవరు? ఒకరే.

దీనికి మందు ఉంది. అలాంటి కేసు పడిందని తెలిసిన వెంటనే, ఎన్నిక కోరుకునే సభ్యులు అందులో ప్రతివాదులుగా చేరవచ్చు. కోర్టు అనుమతి అడగాలి. మీరు లేకుండా, మీ మాట వినకుండా స్టే వచ్చిందా? దాన్ని ఎత్తేయమని దరఖాస్తు వేయవచ్చు. రాజ్యాంగం 226వ అధికరణంలోనే ఒక మాట ఉంది. కాగితాలు ఇవ్వకుండా, వినకుండా ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వును రద్దు చేయమని దరఖాస్తు వస్తే, హైకోర్టు 2 వారాల్లో తేల్చాలి. మన న్యాయవాదికి ఈ మాట గుర్తుచేయడంలో తప్పులేదు.

మరో పెద్ద తగాదా ఓటర్ల మీద. ఇన్‌చార్జులు వచ్చాక ఉన్నట్టుండి కొత్త సభ్యులు చేరతారు. నిన్నటిదాకా 1,000 మంది ఉన్న సొసైటీలో రేపటికి 1,500 మంది అనుకోండి. ఎన్నిక వచ్చేసరికి ఓటర్లే మారిపోతే ఆ ఎన్నికకు అర్థమేమిటి? కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో, కుట్టప్పన్ కేసు అంటారు, సుప్రీంకోర్టు 2000లో దీని మీద గట్టిగా మాట్లాడింది. రద్దయిన పాలకవర్గం స్థానంలో కూర్చోబెట్టిన వారి పని రోజువారీ వ్యవహారం చూడటం, ఎన్నిక జరిపించడం. కొత్త సభ్యులను చేర్చుకుని ఓటర్ల రూపే మార్చడం వారి పని కాదు. మన చట్టంలోని మాటలు వేరుగా ఉండవచ్చు, న్యాయవాదిని అడగాలి. కానీ ఆ తీర్పు వెనకున్న న్యాయం ఎవరికైనా అర్థమవుతుంది. తాత్కాలికంగా వచ్చినవారు శాశ్వతమైనదాన్ని మార్చకూడదు.

ఇంతసేపూ ప్రభుత్వం చేతిలో ఉన్న సంఘాల సంగతి చెప్పాను. ఇంకో దారి కూడా మన తెలుగు నేల మీదే పుట్టింది. 1995లో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చింది. ఆ చట్టం కోసం హైదరాబాదులోని సహకార వికాస సంస్థ ఎంతో కృషి చేసింది. ప్రభుత్వ వాటాధనం లేకుండా, సభ్యుల డబ్బుతో, సభ్యుల నిర్ణయంతో నడిచే సంఘాలకు ఆ చట్టం. దేశంలో మరికొన్ని రాష్ట్రాలు దాన్ని చూసి అలాంటి చట్టాలు చేసుకున్నాయి. ఆ చట్టం కింద ఎన్నిక జరిపే బాధ్యత పాలకవర్గానిదే, సభ్యులదే.

ఆ స్వేచ్ఛ మీదా ఒకసారి చేయి పడింది. 2006లో ఉమ్మడి రాష్ట్రంలో ఆ చట్టాన్ని సవరించి పాల సంఘాలను 1964 చట్టం కిందికి మళ్లీ లాగారు. హైకోర్టు ఆ సవరణను కొట్టేసింది. 2011 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా హైకోర్టు మాటే ఖాయం చేసింది. ప్రజలు ఇష్టపడి ఒక చట్టం కింద కట్టుకున్న సంఘాన్ని, వారి ఇష్టం అడగకుండా మరో చట్టం కిందికి తోసేయడం రాజ్యాంగానికి సరిపడదని తేలింది. పాడి రైతులు గెలిచిన కేసు అది. ఓపికగా, కాగితాలతో, ఏళ్లపాటు నిలబడి గెలిచారు.

ముల్కనూరు పేరు మీరు వినే ఉంటారు. 1956లో ఏ.కె. విశ్వనాథరెడ్డి గారు పూనుకుని మొదలుపెట్టిన సొసైటీ. అప్పు ఇవ్వడంతో ఆగకుండా విత్తనం, ఎరువు, పంట అమ్మకం, అన్నీ సభ్యులకు అందించింది. అదే ప్రాంతంలో ఆడవాళ్లు కలిసి తమ సొంత పాల డెయిరీని నిలబెట్టుకున్నారు. అక్కడ సభ్యులు సంఘాన్ని తమదిగా చూసుకుంటారు. మహాజన సభ అంటే వచ్చి కూర్చుంటారు, లెక్క అడుగుతారు. ఎవరి సంఘానికి వారే కాపలా ఉన్నచోట ఇన్‌చార్జికి చోటు దొరకడం కష్టం.

మరి మన సొసైటీలో మనమేం చేయాలి? నాలుగు పనులు చెబుతాను. అన్నీ చిన్నవే.

మొదటిది, మీ పాలకవర్గం గడువు ఏ తేదీకి తీరుతుందో కనుక్కోండి. సెక్రటరీ చెప్పకపోతే జిల్లా సహకార అధికారి దగ్గర సమాచార హక్కు దరఖాస్తు వేయండి. సహకార సంఘం దానంతటది సమాచార హక్కు చట్టం కిందికి రాకపోవచ్చునని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. కానీ రిజిస్ట్రారు వస్తారు. సంఘం నుంచి చట్టప్రకారం ఆయన తెప్పించుకోగల సమాచారాన్ని ఆయన్ని అడగవచ్చునని కూడా అదే తీర్పు చెప్పింది.

రెండోది, ఓటర్ల జాబితా చూడండి. గడువుకు నెలల ముందే చూడండి. మీ పేరు, మీ ఇంటాయన పేరు, మీ వాడలో చనిపోయినవారి పేర్లు. తప్పుంటే రాతపూర్వకంగా చెప్పండి. ఇచ్చిన కాగితానికి రసీదు తీసుకోండి. కోర్టులో ఆ రసీదే మీ గొంతు.

మూడోది, గడువు తీరకముందే ఎన్నిక కోరుతూ రిజిస్ట్రారుకు, ఎన్నికల ప్రాధికార సంస్థకు అర్జీ పెట్టండి. పది మంది సభ్యులు కలిసి సంతకాలు చేయండి. జవాబు రాకపోతే అప్పుడు హైకోర్టుకు. అడిగేది ఒక్కటే, ఫలానా తేదీలోపు ఎన్నిక జరిపించండి. తేదీ అడగండి.

నాలుగోది, వాయిదా ఉత్తర్వు వస్తే మూడు ప్రశ్నలు వేయండి. మీకు ఇప్పటికే నోటికి వచ్చి ఉంటాయి. ఎవరు వేశారు? ఎందుకు వేశారు? ఎప్పటిదాకా వేశారు? మూడింటికీ సరైన జవాబుంటే ఒప్పుకోండి. వరద వచ్చింది, రెండు నెలలు ఆగుదామంటే ఆగుదాం. అది పెద్దరికం. ఒక్కదానికి జవాబు లేకపోయినా నిలదీయండి. అది హక్కు.

ప్రభుత్వంలో ఉన్న పెద్దలకు కూడా ఒక విన్నపం. చట్టంలో ఇన్‌చార్జుల గడువుకు గట్టి హద్దు పెట్టండి. ఎన్నికల సంస్థకు సొంత సిబ్బంది, సొంత నిధులు ఇవ్వండి. ప్రతి సొసైటీ గడువు తేదీని అందరికీ కనిపించేలా ముందే ప్రకటించండి. రాజ్యాంగ సవరణ చెల్లకపోయినా, అందులో రాసిన మంచి మాటను రాష్ట్ర చట్టంలో రాసుకోవడానికి అడ్డేమీ లేదు. ఐదేళ్లకు ఎన్నిక, గడువుకు ముందే ఎన్నిక. శాసనసభ తలుచుకుంటే ఒక్క సమావేశంలో అయ్యే పని.

శ్రోతలారా, సొసైటీలో మన వాటా కొన్ని వందల రూపాయలే కావచ్చు. కానీ ఆ వందలతో మనం కొనుక్కున్నది అప్పు ఒక్కటే కాదు, ఆ సంస్థను నడిపేవారెవరో తేల్చే హక్కు కూడా. ఎన్నిక వాయిదా పడిన ప్రతి నెలా ఆ హక్కును మన తరఫున ఎవరో వాడుకుంటున్నారు. కోర్టులు సాయం చేస్తాయి, చేశాయి కూడా. కానీ వేళకు అడిగినవాడికే చేశాయి. కాబట్టి వేళకు అడుగుదాం. రేపు సొసైటీకి వెళ్లినప్పుడు యూరియా గురించి అడిగాక, మన పాలకవర్గం గడువు ఎప్పుడు తీరుతుంది అని కూడా అడగండి. జవాబుగా వచ్చిన తేదీని ఇంట్లో క్యాలెండరు మీద రాసుకోండి.